1990 ఫిబ్రవరి 2న పుడితే గుర్రమా, పామా? పుట్టిన తేదీని బట్టి చైనా జంతువు ఎలా తేలుతుంది

మీ ప్రశ్న ఇదీ. మీరు 1990 ఫిబ్రవరి 2న పుట్టారు, మీ తమ్ముడు 1991 ఫిబ్రవరి 10న పుట్టాడు. ఫోన్లోని యాప్ మీకు గుర్రం, తమ్ముడికి మేక అని చూపించింది. ఒక వెబ్‌సైట్ ఇద్దరికీ గుర్రమే అంది. ఇంకో వెబ్‌సైట్ మీకు పాము, తమ్ముడికి మేక అని తేల్చింది. పుట్టిన తేదీలు మారలేదు, జవాబులు మాత్రం మూడు వచ్చాయి. అసలు లెక్క ఎలా వేస్తారు, ఎవరిని నమ్మాలి?

చైనాలో మామూలు జనం పాటించే పద్ధతిలో మీ ఇద్దరిదీ గుర్రమే. వాళ్ల గుర్రం సంవత్సరం 1990 జనవరి 27న మొదలై 1991 ఫిబ్రవరి 14తో ముగిసింది. మీ రెండు పుట్టినరోజులూ ఆ మధ్యలోనే ఉన్నాయి. ఏడాది పైన ఎనిమిది రోజుల తేడాతో పుట్టిన అన్నదమ్ములది ఒకే జంతువు కావడం వింతగా అనిపించవచ్చు. కానీ ఆ సంవత్సరంలో అధికమాసం వచ్చింది. పదమూడు నెలలు, మొత్తం 384 రోజులు.

మిగతా రెండు జవాబులనూ తప్పని కొట్టెయ్యక్కర్లేదు. సంవత్సరం ఏ రోజున మొదలవుతుందన్న దాని మీద మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మీకు దొరికిన మూడు జవాబులూ ఆ మూడు పద్ధతులవే.

నేను హైదరాబాద్‌లో చైనీస్ భాష నేర్పుతాను. అంతకుముందు గ్వాంగ్‌జౌలో సరుకు కొనడానికి వచ్చే మన వ్యాపారుల దగ్గర చాలా ఏళ్లు దుబాసీగా పనిచేశాను. అక్కడ పెద్దవాళ్లు ఎవరితోనైనా పరిచయం కాగానే వయసు నేరుగా అడగరు, మీది ఏ జంతువు అని అడుగుతారు. జంతువు చెబితే మనిషిని చూసి వయసు లెక్క కట్టుకుంటారు, పన్నెండేళ్ల తేడా ముఖంలో తెలిసిపోతుంది కదా. మనవాళ్లు టక్కున ఫోన్ తీసి, యాప్ ఏది చూపిస్తే అది చెప్పేస్తారు. జనవరి, ఫిబ్రవరిలో పుట్టినవాళ్ల విషయంలో అది తరచుగా తప్పయ్యేది.

ముందు ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఇది మేషం, వృషభం లాంటి రాశి కాదు. మన జన్మరాశికి చంద్రుడు ఎక్కడున్నాడో చూడాలి, దానికి పుట్టిన సమయం కావాలి. పత్రికల్లో వేసే సూర్యరాశి నెలనెలా మారుతుంది. చైనా జంతువుకు ఇవేవీ అక్కర్లేదు, అది సంవత్సరానికి పెట్టిన గుర్తు. ఒక సంవత్సరంలో పుట్టిన అందరిదీ ఒకటే. మనలో దీనికి దగ్గరగా ఉన్నది ప్రభవ, విభవ అనే సంవత్సరాల పేర్లు. 1987 ఫిబ్రవరిలో పుట్టిన మనిషిని ప్రభవలో పుట్టాడని మన పంచాంగం ఒప్పుకోదు. ఆ ఏడు ఉగాది మార్చి చివర్లో వచ్చింది కాబట్టి అప్పటికింకా అక్షయే నడుస్తోంది. చైనాలోనూ అంతే. జనవరి ఒకటిన క్యాలెండర్ మారుతుంది గానీ జంతువు మారదు. వాళ్ల కొత్త సంవత్సరం వచ్చాకే మారుతుంది.

ఆ కొత్త సంవత్సరం ఎప్పుడొస్తుందో మనకు సులభంగానే అర్థమవుతుంది, ఎందుకంటే వాళ్లదీ మనలాగే అమావాస్యను పట్టుకున్న లెక్క. డిసెంబర్ 21, 22 ప్రాంతంలో సూర్యుడు ఉత్తరం వైపు మళ్లే రోజు ఉంటుంది కదా, ఆ రోజు ఏ చాంద్రమాసంలో పడితే అది వాళ్లకు పదకొండో నెల. ఆ రోజు తర్వాత వచ్చే రెండో అమావాస్య నాడు కొత్త సంవత్సరం. మధ్యలో అధికమాసం పడితే మూడో అమావాస్య దాకా ఆగాలి. 2033 చివర్లో అలాగే జరగబోతోంది, అందుకే 2034లో వాళ్ల పండుగ ఫిబ్రవరి 19న వస్తుంది. మొత్తానికి తేదీ జనవరి 21కి, ఫిబ్రవరి 20కి మధ్యే తిరుగుతుంది. 1966లో జనవరి 21న వచ్చింది, 1985లో ఫిబ్రవరి 20న వచ్చింది. ఈ రెండూ అటు చివర, ఇటు చివర.

మన పంచాంగంతో పోల్చి చూస్తే, చాలా ఏళ్లలో వాళ్ల కొత్త సంవత్సరం మన పుష్య అమావాస్య నాడో, మర్నాడు మాఘ శుద్ధ పాడ్యమి నాడో పడుతుంది. అమావాస్య ఘడియ ఏ తేదీలో వస్తే ఆ తేదీయే వాళ్లకు నెల మొదటి రోజు. మనం సూర్యోదయానికి ఏ తిథి ఉందో చూస్తాం, అందుకే ఒక్కరోజు అటూ ఇటూ అవుతుంది. కొన్ని ఏళ్లలో మాత్రం నెల తేడా వస్తుంది. 2026 అలాంటిదే. వాళ్ల గుర్రం సంవత్సరం ఫిబ్రవరి 17న మొదలైంది. మన లెక్కలో అది మాఘ అమావాస్య, శివరాత్రి వెళ్లిన రెండో రోజు. కారణం అధికమాసమే. సూర్య సంక్రమణం లేని చాంద్రమాసం అధికమాసం అన్న సూత్రం రెండు చోట్లా ఒకటే అయినా, వాళ్లది సూర్యుడి అయనాలను పట్టుకున్న సాయన లెక్క, మనది నక్షత్రాలను పట్టుకున్న నిరయన లెక్క. అందుకని వాళ్లకు 2025లోనే ఆరో నెల రెండుసార్లు వచ్చేసింది, మనకు 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది. ఈ రెండు అధికమాసాల నడుమ పడ్డ పండుగ కాబట్టి నెల జరిగింది.

ఇక లెక్క. యాప్ అక్కర్లేదు, మీరే వేసుకోవచ్చు. సంవత్సరాన్ని 12తో భాగించి శేషం చూడండి. శేషం 4 అయితే ఎలుక, 5 ఎద్దు, 6 పులి, 7 కుందేలు, 8 డ్రాగన్, 9 పాము, 10 గుర్రం, 11 మేక, 0 కోతి, 1 కోడిపుంజు, 2 కుక్క, 3 పంది. 1990ని 12తో భాగిస్తే శేషం 10, అంటే గుర్రం. ఫిబ్రవరి 21 నుంచి డిసెంబర్ 31 లోపు పుట్టినవాళ్లకు ఇదే ఆఖరి జవాబు, ఇంకేమీ చూడక్కర్లేదు. జనవరి 1 నుంచి 20 లోపు పుట్టినవాళ్లు కిందటి సంవత్సరం శేషం తీసుకోవాలి. తికమకంతా మధ్యలో ఉన్న ఆ నెల రోజులది. మీరూ, మీ తమ్ముడూ అక్కడే దొరికారు. ఆ నెలలో పుట్టినవాళ్లకు కొత్త సంవత్సరం తేదీ చూడకుండా ఎవరు చెప్పినా అది ఊహే.

ఎక్కువమంది అడిగే ఏళ్ల తేదీలు ఇవి. 1985 ఫిబ్రవరి 20 (ఎద్దు), 1986 ఫిబ్రవరి 9 (పులి), 1987 జనవరి 29 (కుందేలు), 1988 ఫిబ్రవరి 17 (డ్రాగన్), 1989 ఫిబ్రవరి 6 (పాము), 1990 జనవరి 27 (గుర్రం), 1991 ఫిబ్రవరి 15 (మేక), 1992 ఫిబ్రవరి 4 (కోతి), 1993 జనవరి 23 (కోడిపుంజు), 1994 ఫిబ్రవరి 10 (కుక్క), 1995 జనవరి 31 (పంది), 1996 ఫిబ్రవరి 19 (ఎలుక), 1997 ఫిబ్రవరి 7 (ఎద్దు), 1998 జనవరి 28 (పులి), 1999 ఫిబ్రవరి 16 (కుందేలు), 2000 ఫిబ్రవరి 5 (డ్రాగన్), 2001 జనవరి 24 (పాము). పిల్లల కోసం అడిగేవాళ్లకు: 2020 జనవరి 25 (ఎలుక), 2021 ఫిబ్రవరి 12 (ఎద్దు), 2022 ఫిబ్రవరి 1 (పులి), 2023 జనవరి 22 (కుందేలు), 2024 ఫిబ్రవరి 10 (డ్రాగన్), 2025 జనవరి 29 (పాము), 2026 ఫిబ్రవరి 17 (గుర్రం). బ్రాకెట్లో ఉన్న జంతువు ఆ తేదీ నుంచి మొదలవుతుంది. మీరు పుట్టింది దానికి ముందైతే కిందటి జంతువు మీది.

పందొమ్మిదేళ్లకోసారి ఈ తేదీలు దాదాపు తిరిగి వస్తాయి. 1990లో జనవరి 27, 2009లో జనవరి 26. ఈ చిట్కా తెలిసినవాళ్లు పాత తేదీల్ని దీంతోనే పట్టేస్తుంటారు. దయచేసి అలా చెయ్యకండి. 1966లో జనవరి 21న వచ్చిన పండుగ పందొమ్మిదేళ్లకు 1985లో ఫిబ్రవరి 20న వచ్చింది, మళ్లీ పందొమ్మిదేళ్లకు 2004లో జనవరి 22న వచ్చింది. మధ్యలోది ఏకంగా నెల జరిగిపోయింది.

ఇప్పుడు మీ యాప్ సంగతి. అది జనవరి 1 నుంచే జంతువును మార్చేస్తోంది. చైనా లెక్కలో అది పొరపాటు. కానీ జపాన్‌లో అదే సరైన పద్ధతి. జపాన్ 1873లో ఇప్పటి ఇంగ్లీషు క్యాలెండర్‌కు మారింది, కొత్త సంవత్సరం పండుగ కూడా జనవరి 1కే వెళ్లిపోయింది, దాంతోపాటు జంతువూ వెళ్లింది. కాబట్టి ఇవే తేదీల్లో ఒసాకాలో పుట్టిన ఇద్దరికి, అక్కడివాళ్లు గుర్రం, మేక అనే చెబుతారు. అక్కడ పంది స్థానంలో అడవిపంది ఉంటుంది, మిగతావి అవే.

వియత్నాం కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. వాళ్లకు కుందేలు బదులు పిల్లి, ఎద్దు బదులు గేదె. పద్ధతి చైనాదే, కానీ గడియారం వేరు. చైనా లెక్క బీజింగ్ సమయం మీద నడుస్తుంది, హనోయి సమయం దానికన్నా గంట వెనక. ఒక్క గంటకు ఏమవుతుందిలే అనుకుంటాం. 1984 డిసెంబర్‌లో ఏమైందో చూడండి. సూర్యుడు మళ్లిన క్షణం బీజింగ్‌లో డిసెంబర్ 22 అర్ధరాత్రి దాటి సుమారు ఇరవై నిమిషాలకు వచ్చింది. అదే క్షణంలో హనోయిలో ఇంకా డిసెంబర్ 21 రాత్రి పదకొండున్నర కాలేదు. అమావాస్య రెండు చోట్లా డిసెంబర్ 22నే. దాంతో చైనాలో ఆ అయనం కొత్త నెల మొదటి రోజున పడింది, వియత్నాంలో పాత నెల ఆఖరి రోజున పడింది. పదకొండో నెలే మారిపోయింది. ఫలితంగా 1985లో వియత్నాం కొత్త సంవత్సరం జనవరి 21న, చైనా కొత్త సంవత్సరం ఫిబ్రవరి 20న వచ్చాయి. 1985 ఫిబ్రవరి 2న హనోయిలో పుట్టిన పాప గేదె సంవత్సరంలో పుట్టినట్టు, అదే రోజు గ్వాంగ్‌జౌలో పుట్టిన పాప ఎలుక సంవత్సరంలో పుట్టినట్టు. ఇద్దరి కుటుంబాలూ చెప్పేది నిజమే. అందుకే నా విద్యార్థులకు ఎప్పుడూ ఇదే చెబుతాను: తేదీ ఒక్కటే చాలదు, ఎవరి క్యాలెండర్ ప్రకారం అడుగుతున్నారో ముందు తేల్చుకోవాలి.

మీకు పాము అని చెప్పిన మూడో చోటు వాడింది జాతకం చూసేవాళ్ల లెక్క. దాన్ని బాజి అంటారు. పుట్టిన ఏడు, నెల, రోజు, గంట, ఈ నాలుగింటికీ రెండేసి అక్షరాలు, మొత్తం ఎనిమిది అక్షరాలు రాసుకుని చూస్తారు. వీళ్లు అమావాస్యను పట్టించుకోరు, సూర్యుడినే చూస్తారు. సాయన లెక్కలో సూర్యుడు 315 డిగ్రీలకు చేరే క్షణాన్ని లీ చున్ అంటారు, అంటే వసంతం మొదలు. అది ఏటా ఫిబ్రవరి 4నో, ఒకరోజు అటూ ఇటూగానో వస్తుంది. వీళ్లకు సంవత్సరం మారేది ఆ క్షణంలోనే. 1990లోనూ, 1991లోనూ లీ చున్ ఫిబ్రవరి 4నే వచ్చింది. మీరు దానికి రెండు రోజుల ముందు పుట్టారు కాబట్టి పాము. మీ తమ్ముడు ఆరు రోజుల తర్వాత పుట్టాడు కాబట్టి మేక. మామూలు పద్ధతిలో ఒకే జంతువున్న మీ ఇద్దరికీ ఈ పద్ధతిలో మధ్యలో గుర్రం వదిలేసి అటొకటి, ఇటొకటి వచ్చాయి. ఇన్నేళ్లుగా తేదీలు చూస్తున్నాను గానీ మూడు పద్ధతుల్లో మూడు రకాలుగా తేలే అన్నదమ్ముల తేదీలు నాకు అరుదుగా తగిలాయి, అందుకే ఇంత ఇష్టంగా రాస్తున్నాను.

మీ గుర్రం సంవత్సరంలో లీ చున్ రెండుసార్లు వచ్చిందన్నది గమనించారా? మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి. అలాంటి సంవత్సరం పెళ్లిళ్లకు మంచిదని చైనాలో నమ్మకం. అసలు లీ చున్ లేని సంవత్సరాలూ ఉంటాయి. 2024 ఫిబ్రవరి 10 నుంచి 2025 జనవరి 28 దాకా నడిచిన డ్రాగన్ సంవత్సరం అలాంటిది, దాన్ని విధవ సంవత్సరం అంటారు. ఆ ఏడు పెళ్లి వద్దని వాయిదా వేసుకున్న జంటలు అక్కడ చాలా ఉన్నాయి. మూఢంలో ముహూర్తం పెట్టనివ్వని మన పెద్దవాళ్లను చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

అయితే రెంటిలో ఏది వాడాలి? నా అభిప్రాయం ఇది. ఎవరైనా మామూలుగా మీది ఏ జంతువు అని అడిగితే పండుగ తేదీ ప్రకారమే చెప్పండి. వాళ్ల ఇళ్లలో పిల్లలకు చెప్పేది ఆ లెక్కే. లీ చున్ లెక్క జాతకం రాయించుకోవడానికే. హాంకాంగ్‌లో, సింగపూర్‌లో ఏటా వచ్చే ఫలాల పుస్తకాల్లో చాలావరకు లీ చున్ పద్ధతే ఉంటుంది, ఇంటి సంభాషణలో పండుగ పద్ధతి ఉంటుంది. రెండూ ఒకే ఊళ్లో పక్కపక్కనే నడుస్తాయి, ఎవరికీ ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా ఒకదానితో జంతువును తేల్చి, రెండో దాని ఫలితం చదువుకునేవాళ్లకే.

పొంతన చూసేటప్పుడు ఈ పొరపాటు నిజంగానే బాధ పెడుతుంది. నా దగ్గరకు వచ్చిన ఒక కేసు చెబుతాను. అబ్బాయి మన గుంటూరు వైపు, సింగపూర్‌లో ఉద్యోగం. అమ్మాయిది మలేషియాలోని ఇపో నుంచి వచ్చిన చైనా కుటుంబం. అబ్బాయి పుట్టింది 1996 జనవరి 30, అమ్మాయి 2002 మే నెల. అబ్బాయి తనది ఎలుక అని చెప్పాడు. అమ్మాయిది గుర్రం. ఎలుక, గుర్రం ఎదురెదురు జంతువులు. పన్నెండింటిని గుండ్రంగా పెడితే ఆరేళ్ల దూరంలో ఉన్న రెండూ ఎదురుపడతాయి, అవి కలవవని వాళ్ల నమ్మకం. అమ్మాయి నాయనమ్మ ససేమిరా అంది. ఇంట్లో అందరూ టెన్షన్ పడిపోయారు. అబ్బాయి వాళ్లక్క నా దగ్గర చదువుకుంది, ఆమె ఫోన్ చేసింది. తేదీ విన్నాక నేను అడిగింది ఒక్కటే, ఎలుక అని ఎవరు చెప్పారు అని. 1996లో పండుగ ఫిబ్రవరి 19న వచ్చింది. అబ్బాయిది ఎలుక కాదు, పంది. లీ చున్ ప్రకారం చూసినా పందే, ఎందుకంటే జనవరి 30 దానికీ ముందే ఉంది. పందికీ గుర్రానికీ ఏ గొడవా లేదు.

ఆ నాయనమ్మ నా మాటతో ఊరుకోలేదు. వీడియో కాల్‌లో ఉండగానే గోడకు వేలాడుతున్న తుంగ్ షింగ్ దించింది. అది వాళ్ల పంచాంగం, ఎర్ర అట్ట, పల్చటి కాగితాలు, వేలాడదీయడానికి పైన ఎర్రదారం ఉచ్చు. అందులో పాత సంవత్సరాల పట్టిక వేలితో వెతికింది. తర్వాత బొటనవేలితో మిగతా వేళ్ల కణుపులు ఒక్కొక్కటే నొక్కుకుంటూ పెదాలు కదిపింది. పన్నెండు స్థానాలు నాలుగు వేళ్ల కణుపుల మీద చుట్టూ ఉంటాయి, వాళ్ల పెద్దవాళ్లు అలాగే లెక్కిస్తారు. మన అమ్మమ్మలు నక్షత్రాలు లెక్కపెట్టే తీరే. రెండుసార్లు లెక్కపెట్టి, పంది అని తనే పైకి అంది. పెళ్లి జరిగింది.

జంతువు పొంతన మీద పెళ్లిళ్లు ఆపెయ్యాలని నేను అనను, ఆపొద్దనే అంటాను. కానీ ఎదుటివాళ్లు నమ్మే లెక్కను మనం తప్పుగా వేసి వాళ్లకివ్వడం మాత్రం బాగుండదు. సరిగ్గా తేల్చి ఇద్దాం, ఆపై వాళ్లిష్టం.

జంతువుతో పాటు ఒక పంచభూతం కూడా చెబుతారు. అది సంవత్సరం చివరి అంకెను బట్టి వస్తుంది. 4, 5 అయితే చెక్క. 6, 7 అగ్ని. 8, 9 భూమి. 0, 1 లోహం. 2, 3 నీరు. ఇక్కడ కూడా సంవత్సరం అంటే వాళ్ల సంవత్సరమే. మీ తమ్ముడు 1991లో పుట్టినా, లెక్కలోకి వచ్చేది 1990, లోహ గుర్రం. ఒక్కో భూతానికి రెండేసి చొప్పున పది కాండాలు, పన్నెండు జంతువులకు పన్నెండు శాఖలు, ఇవి జతపడి తిరిగితే అరవై ఏళ్ల చక్రం పూర్తవుతుంది. మనదీ అరవై ఏళ్లే. వాళ్ల ఇప్పటి చక్రం 1984లో మొదలైంది, మన ప్రభవ 1987లో. మనం షష్టిపూర్తి చేసుకున్నట్టే జపాన్‌లో అరవై నిండినవాళ్లకు ఎర్ర చొక్కా తొడిగి వేడుక చేస్తారు.

ఈ అరవై ఏళ్ల లెక్కను జనం ఎంత గట్టిగా పట్టుకుంటారో తెలియాలంటే 1966 జపాన్‌ను చూడాలి. అది అగ్ని గుర్రం సంవత్సరం. ఆ ఏడు పుట్టిన ఆడపిల్ల భర్తకు కీడు అని పాత నమ్మకం. 1965లో దాదాపు 18.2 లక్షల మంది పిల్లలు పుట్టిన దేశంలో 1966లో 13.6 లక్షల మందే పుట్టారు, మరుసటి ఏడు సంఖ్య 19 లక్షలు దాటింది. 2026 మళ్లీ అదే అగ్ని గుర్రం. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఆడపిల్ల పుట్టుకను కీడుగా చూసే ఇలాంటి నమ్మకాన్ని యాప్‌లు చదివి మన ఇళ్లలోకి తెచ్చుకోవద్దు. మనకు అలాంటివి ఇప్పటికే చాలా ఉన్నాయి.

పన్నెండేళ్లే ఎందుకని కొందరు అడుగుతుంటారు. ఆకాశాన్ని ఒక చుట్టు చుట్టడానికి గురుగ్రహానికి పట్టే కాలం దాదాపు పన్నెండేళ్లు. పాత చైనాలో దాన్ని సంవత్సర నక్షత్రం అనేవారు, దాని నడకను బట్టే ఆకాశాన్ని పన్నెండు భాగాలు చేశారు. మన పుష్కరాలూ గురువు లెక్కే కాబట్టి రెండూ కలిసి నడుస్తున్నట్టు కనిపిస్తాయి. గోదావరి పుష్కరాలు వచ్చిన 1991, 2003, 2015 మూడూ మేక సంవత్సరాలే, రాబోయే 2027 కూడా. కానీ గురువుకు పట్టేది సరిగ్గా పన్నెండేళ్లు కాదు, 11.86 ఏళ్లు. మన పుష్కరం గ్రహం ఎక్కడుందో చూసి పెడతారు. చైనావాళ్లు ఎప్పుడో గ్రహాన్ని వదిలేసి అంకెనే లెక్కపెడుతున్నారు. జంతువుల పేర్లు కూడా ఇప్పటివి కావు. 1975లో హుబెయ్ ప్రాంతంలోని షుయ్‌హుదిలో ఒక సమాధి తవ్వితే దొరికిన వెదురు బద్దల మీద, క్రీస్తు పూర్వం మూడో శతాబ్దం నాటివి, ఇలాంటి జంతువుల పట్టిక ఉంది. అందులో కొన్ని జంతువులు ఇప్పటి వరుసకు భిన్నంగా ఉన్నాయి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు సమయం తేడా గురించి ఒక మాట. డాలస్‌లో 2024 ఫిబ్రవరి 9 సాయంత్రం పుట్టిన పాప సంగతి తీసుకోండి. ఆ వేళకు బీజింగ్‌లో పదో తేదీ వచ్చేసింది. అయినా అమెరికాలోని చైనా కుటుంబాలు తమ ఊరి తేదీనే చూస్తాయి, కాబట్టి ఆ పాప కుందేలు. మన దేశంలోనూ అలాగే ఇక్కడి తేదీనే తీసుకోండి. లీ చున్ పద్ధతిలో మాత్రం అది ఒక క్షణం కాబట్టి బీజింగ్ సమయంలో ఇచ్చినదాన్ని రెండున్నర గంటలు తగ్గించి మన సమయంలోకి మార్చుకోవాలి. ఫిబ్రవరి 3, 4, 5 తేదీల్లో పుట్టినవాళ్లకే ఇది అవసరం పడుతుంది.

చివరగా, మీరు అడగకపోయినా మన తెలుగువాళ్లకు తప్పనిసరిగా చెప్పాల్సింది ఒకటుంది. సర్టిఫికెట్‌లో ఉన్న తేదీ నిజంగా పుట్టిన తేదీయేనా అని ముందు ఇంట్లో అడగండి. పాతతరంలో బడిలో చేర్పించేటప్పుడు మాస్టారు రాసిందే పుట్టిన తేదీ. జూన్ 1, జూలై 1 అని ఎంతమందికి ఉంటుందో మీకే తెలుసు. అలాంటప్పుడు తిథి మేలు. నా విద్యార్థిని ఒకామె వాళ్ల నాన్నగారి గురించి అడిగింది. సర్టిఫికెట్‌లో 1955 జూలై 1 అని ఉంది, దాని ప్రకారం మేక. కానీ వాళ్ల నాయనమ్మ మన్మథ నామ సంవత్సరం, మాఘ మాసంలో పుట్టాడని చెప్పేదట. షష్టిపూర్తి కూడా 2016 ఫిబ్రవరిలో, మన్మథలోనే చేశారు. పాత మన్మథ 1955 ఉగాదికి మొదలైంది, దాని మాఘం 1956 ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి మధ్య దాకా నడిచింది. చైనాలో ఆ ఏడు పండుగ ఫిబ్రవరి 12, మన మాఘం మొదలైన అమావాస్యే అది. మన సంవత్సరం ఇంకా మన్మథే, వాళ్లకు మాత్రం కొత్త ఏడు వచ్చేసింది. 1956ను 12తో భాగిస్తే శేషం సున్నా. ఆయనది కోతి.